తొడుగు ఇచ్చారు సరే, తోడెవరు?

“బిడ్డ పట్టట్లేదమ్మా, మొన లోపలికి ఉంది. షీల్డు తెప్పించుకోండి.”

పురిటి వార్డుల్లో ఈ మాట ఇప్పుడు చాలా మామూలైపోయింది. బిడ్డ తండ్రి మందుల షాపుకు పరుగెడతాడు. అక్కడ దొరక్కపోతే ఫోన్లో ఆర్డరు పెడతాడు. డబ్బా వస్తుంది. దానిమీద నవ్వుతున్న పాప బొమ్మ, లోపల ఇంగ్లీషు కాగితం. ఎలా పెట్టుకోవాలో, ఎన్నాళ్లు పెట్టుకోవాలో, ఎప్పుడు తీసేయాలో చేత్తో పట్టి చూపించే మనిషి మాత్రం ఆ డబ్బాలో రాదు కదా!

ఇలాంటి సంగతులు పేపర్లో రాస్తారా అని కొందరు ముఖం చిట్లించవచ్చు. చిట్లించనీయండి. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గం పక్కన ఊయల కట్టుకున్న అమ్మాయికీ, పుంగనూరు దగ్గరి పల్లెలో తొలికాన్పుకు పుట్టింటికొచ్చిన అమ్మాయికీ, కుప్పంలో రైలెక్కి బెంగుళూరు ఉద్యోగానికి వెళ్లొచ్చే అమ్మాయికీ ఈ బాధ ఒక్కటే. బిడ్డ ఆకలికి ఏడుస్తుంటే, పాలుండీ పట్టలేని తల్లి పడే క్షోభ పడినవాళ్లకే తెలుసు. సిగ్గుపడి నోరు మూసుకుంటే ఆ బిడ్డ నోట్లోకి చివరికి వెళ్లేది సీసానే.

షీల్డు అంటే పల్చటి సిలికాన్‌తో చేసిన చిన్న టోపీలాంటి తొడుగు. చనుమొన మీద దాన్ని అంటించుకుంటే, కొసన ఉండే సన్నటి రంధ్రాల్లోంచి బిడ్డ పాలు తాగుతుంది. బ్రా లోపల పెట్టుకునే గట్టి ప్లాస్టిక్ చిప్పలు వేరు, మొనను బయటికి లాగే చిన్న రబ్బరు పంపు వేరు. షాపులో ఒకటి అడిగితే ఇంకొకటి చేతిలో పెట్టే ప్రమాదం ఉంది, చూసి తీసుకోండి. తొడుగుల్లో సైజులు కూడా ఉంటాయి. 16, 20, 24 మిల్లీమీటర్లు అని డబ్బా మీద ఉంటుంది. తల్లి మొనకు బిగుతైతే ఒరుసుకుని నొప్పి. బిడ్డ నోటికి మరీ పెద్దదైతే వాంతి వచ్చినట్టు ఉక్కిరిబిక్కిరి. కౌంటరు వెనకాల కుర్రాడిని ఈ కొలతలు అడగడం ఏ బాలింతకు సాధ్యం? పైగా వచ్చేది ఆమె కాదు, ఆమె మొగుడో తమ్ముడో. వాళ్లకసలు సైజులుంటాయనే తెలియదు.

ఈ తొడుగు నిన్నా మొన్నా పుట్టింది కాదు. యూరప్‌లో కొన్ని వందల ఏళ్ల కిందటే కొయ్యతో, వెండితో, గాజుతో చేసుకునేవారు. సీసం కలిసిన లోహంతో చేసినవీ అమ్మారు. పగిలిన మొనలు మానతాయని తల్లులు వాటిని కొనుక్కున్నారు. ఆ సీసం పాలతోపాటు పసిబిడ్డల కడుపులోకి పోయింది. తర్వాత రబ్బరు వచ్చింది. ఆ మందపాటి రబ్బరు తొడుగు పెట్టుకుంటే బిడ్డకు అందే పాలు 58 శాతం తగ్గిపోతున్నాయని 1980లో బ్రిటన్‌లో కొలిచి చూశారు. పల్చటి రబ్బరుదైతే తగ్గుదల 22 శాతం. షీల్డంటే డాక్టర్లలో చాలామందికి ఇప్పటికీ ఉన్న అనుమానానికి మూలం ఈ పాత లెక్కలే. ఇప్పటి సిలికాన్ తొడుగు అంత చేటు చేయదు. సరైన బిడ్డకు పెడితే మేలే చేస్తుంది. 2000లో అమెరికాలో నెలలు నిండకుండా పుట్టిన 34 మంది పిల్లలను పరిశీలించారు. తొడుగు లేకుండా ఒక్కో పూట సగటున 3.9 మిల్లీలీటర్లు తాగగలిగిన ఆ పిల్లలు, తొడుగుతో 18.4 మిల్లీలీటర్లు తాగారు. అంత బలహీనమైన పిల్లలు మొనను నోట్లో నిలబెట్టుకోలేక జార్చేస్తారు. తొడుగు వాళ్లకు పట్టు దొరికేలా చేసింది.

కాబట్టి తొడుగును తిట్టాల్సిన పని లేదు. దాన్ని ఎవరికి, ఎప్పుడు, ఎవరు ఇస్తున్నారన్నదే మా గొడవంతా.

కాన్పయిన మొదటి రోజే, ఇంకా పాలు పడకముందే షీల్డు చేతికివ్వడం మాకు ఏమాత్రం నచ్చని సంగతి. అప్పుడు వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, చెంచాడంత వస్తాయి. ఆ కాస్తా తొడుగు లోపలే అంటుకుపోతే బిడ్డకేం మిగులుతుంది? ఆ రెండు రోజులూ చేత్తో మెల్లగా పిండి చెంచాతోనో ఉగ్గుగిన్నెతోనో పట్టడం మేలు. కుప్పం వైపు తమిళ ఇళ్లలో పాలాడై అంటారు, ముక్కున్న ఆ చిన్న గిన్నె ఇప్పుడు ఆసుపత్రుల్లోనూ వాడుతున్నారు. మన అవ్వల వస్తువే మళ్లీ వైద్యమైంది చూడండి! అదే అవ్వలు ముర్రుపాలు పారబోయమనీ, చక్కెర నీళ్లు నాకించమనీ, గాడిద పాలు మంచివనీ చెబితే మాత్రం వినకండి. బాలింత నీళ్లు ఎక్కువ తాగకూడదనే పథ్యం కూడా అక్కర్లేదు. దాహమైనప్పుడల్లా తాగండి.

అసలు మొనలు లోపలికి ఉన్న తల్లులందరికీ తొడుగు అవసరమా? లేదు. బిడ్డ పాలు తాగేది మొనను పట్టుకుని కాదు, దాని చుట్టూ ఉన్న నల్లటి భాగాన్ని నోటినిండా పట్టుకుని. నోరు ఆవలించినంతగా తెరవాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి మడతపడాలి, నల్లటి భాగం బిడ్డ పైపెదవి పైన ఎక్కువగా, కింద తక్కువగా కనబడాలి. తల్లి వంగి బిడ్డ దగ్గరికి పోకూడదు, బిడ్డనే రొమ్ముకు తెచ్చుకోవాలి. ఇలా పట్టిస్తే చదునుగా ఉన్న మొనతోనూ చాలామంది పిల్లలు చక్కగా తాగుతారు. మొన పగిలి రక్తం వస్తోందంటే చాలాసార్లు తప్పు ఈ పట్టులోనే ఉంటుంది. లేదంటే బిడ్డ నాలుక కింది పొర బిగుసుకుని ఉండొచ్చు. అది చూడకుండా పైన తొడుగు వేయడమంటే, కాలికి ముల్లు గుచ్చుకుంటే తీయకుండా చెప్పు తొడిగినట్టే.

నిజంగానే మొన లోపలికి ముడుచుకున్నవాళ్లకు మన పొరుగునే కనిపెట్టిన చవకైన ఉపాయం ఒకటుంది. కర్ణాటకలోని దావణగెరె జె.జె.ఎం. వైద్య కళాశాల పిల్లల డాక్టరు నిర్మలా కేసరి, ఆమె తోటి వైద్యులు 1993లో ఒక వైద్య పత్రికలో దాన్ని ప్రకటించారు. వాడిపారేసే మామూలు ప్లాస్టిక్ సిరంజి, 10 లేదా 20 మిల్లీలీటర్లది కొత్తది తీసుకుంటారు. సూది గుచ్చే కొసను బ్లేడుతో కోసేస్తారు. లోపలి కడ్డీని బయటికి తీసి, కోసిన వైపు నుంచి మళ్లీ దూర్చుతారు. అప్పుడు రెండో వైపున్న నున్నటి అంచు తల్లి ఒంటికి ఆనుతుంది. మొన మీద ఆనించి కడ్డీని తల్లే తన చేత్తో మెల్లగా లాగి, అరనిమిషమో నిమిషమో ఉంచి వదులుతుంది. పాలివ్వబోయే ముందు ఇలా కొన్ని సార్లు చేస్తే మొన బయటికొస్తుంది, వెంటనే బిడ్డకు పట్టించాలి. నొప్పి పుట్టేంత లాగకూడదు, కోసిన అంచు ఒంటికి తగలకూడదు. మొదటిసారి నర్సమ్మ దగ్గరుండి చూపించాలి. కొన్ని రూపాయల సిరంజి! దీని గురించి మన వైపు ఎంతమంది బాలింతలు విన్నారు? షీల్డు పేరు మాత్రం అందరికీ తెలిసిపోయింది. అమ్ముకునేదానికి ప్రచారం దానంతటదే జరుగుతుంది, అమ్ముడుపోని ఉపాయాన్ని మనుషులే మోసుకురావాలి. అన్నట్టు, కడుపుతో ఉన్నప్పుడే మొనలు లాగి సాగదీయాలన్న పాత సలహా వల్ల లాభం లేదని 1990లలో బ్రిటన్‌లో జరిగిన పరిశీలనల్లో తేలింది. కడుపుతో ఉన్న అమ్మాయిల్ని ఆ హింస పెట్టకండి.

పుంగనూరు పొట్టి ఆవు పేరు దేశమంతా తెలుసు. ఆవు ‘చేపింది’ అంటాం కదా. దూడ వచ్చి పొదుగు కుమ్మితేగానీ, పక్కన భయం లేకుండా ఉంటేగానీ ఆవు చేపదు. ఆవుతో పోలుస్తున్నారని కోపగించుకోకండి, సంగతి ఒకటే. నొప్పి, భయం, “నీకు పాల్లేవు” అన్న మాటలు తల్లి పాలను లోపలే ఆపేస్తాయి. రొమ్ములో పాలుంటాయి, దిగవు. అప్పుడు అత్తగారో ఆడపడుచో డబ్బా పాలు కలుపుతారు. సీసా మరిగిన బిడ్డ రొమ్ము దగ్గర పెనుగులాడుతుంది. తాగకపోతే పాలు నిజంగానే తగ్గుతాయి. చివరికి తప్పంతా ఆ పిల్ల ఒంటిదే అవుతుంది! గొడ్డును చూసుకునేపాటి ఓపిక కోడలి దగ్గర కూడా చూపమని అడగడం ఎక్కువేమీ కాదు.

సరే, డాక్టరు చూసి తొడుగు అవసరమనే చెప్పారనుకోండి. సబ్బుతో చేతులు కడుక్కుని, తొడుగును గోరువెచ్చటి నీళ్లలో తడపండి. సగం వెనక్కి తిప్పి మొనకు సరిగ్గా మధ్యలో పెట్టి అంచులు పరిస్తే, మొన కొంచెం లోపలికి లాగినట్టవుతుంది. అంచు ఒకవైపు కత్తిరించినట్టుండే రకమైతే ఆ భాగం బిడ్డ ముక్కువైపు ఉండాలి. కొసలో రెండు చుక్కల పాలు పిండితే బిడ్డకు రుచి తెలుస్తుంది. బిడ్డ తొడుగు కొసను మాత్రమే చప్పరిస్తే లాభం లేదు, దాని కింది వెడల్పు భాగాన్ని కూడా నోట్లోకి తీసుకోవాలి. తాగుతున్నప్పుడు గుటకలు వినబడాలి, తాగాక రొమ్ము మెత్తబడాలి, తొడుగులో పాలు కనబడాలి. ఆ తర్వాత మిగిలిన పాలు చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో పట్టండి. లోపల పాలు నిలిచిపోతే గడ్డకట్టి జ్వరమొస్తుంది, తయారయ్యేది కూడా తగ్గుతుంది. వాడిన ప్రతిసారీ సబ్బుతో కడిగి, స్టీలు గిన్నెలో మరగబెట్టి మూతపెట్టుకోండి.

అన్నిటికన్నా బిడ్డ బరువు ముఖ్యం. పుట్టాక మొదటి రోజుల్లో కొంచెం తగ్గడం మామూలే. పదో వంతుకు మించి తగ్గితే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. పది నుంచి పద్నాలుగు రోజుల్లో పుట్టిన బరువుకు తిరిగి రావాలి. అయిదో రోజు నుంచి రోజుకు ఆరుసార్లయినా ఒంటికి పోయాలి. తొడుగు వాడే తల్లి వారం వారం బిడ్డను తూకం వేయించాల్సిందే. తొడుగుతో బిడ్డ నోట్లో ఏదో ఉన్నట్టు, ప్రశాంతంగా తాగుతున్నట్టే కనిపిస్తుంది, కానీ కడుపు నిండకపోవచ్చు. ఏడవని బిడ్డ తాగిన బిడ్డేనని నమ్మకండి.

మానిపించడం తొందరపడి చేయకూడదు. ఆకలి కాస్త తీరి, పాలు బాగా దిగుతున్నప్పుడు మధ్యలో తొడుగు చటుక్కున తీసి పట్టించి చూడండి. మారాం చేస్తే మళ్లీ పెట్టండి, రేపు చూడొచ్చు. నిద్రమత్తులో ఉన్న బిడ్డ తేలిగ్గా ఒప్పుకుంటుంది. తొడుగు కొసను కత్తెరతో కొద్దికొద్దిగా కోసుకుంటూ రమ్మని ఎవరైనా చెబితే వినకండి. ఆ పాత చిట్కా సిలికాన్‌కు పనికిరాదు, కోసిన అంచు బిడ్డ నోటికి గుచ్చుకుంటుంది.

ఇదంతా పేపర్లో చదివి నేర్చుకోవాల్సిన విద్యా? కాదు కదా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందింది మాత్రం 41.8 శాతం పిల్లలకే. అంటే డాక్టరూ నర్సూ ఒకే కప్పు కింద ఉండగానే సగం కంటే ఎక్కువమంది పిల్లలకు ఆ మొదటి గంట దాటిపోతోంది. మదనపల్లెలో ఆడవాళ్ల వైద్యం కోసం మిషన్ ఆసుపత్రి నూరేళ్ల కిందటే వెలిసింది. కుప్పంలో ఇప్పుడు పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఉంది. మన వైపు ఆసుపత్రులకు కొదవ లేదు. కాన్పయిన మూడు రోజులూ బాలింత మంచం పక్కన కూర్చుని బిడ్డ పట్టును చూసే మనిషి ప్రతి వార్డులో ఉండాలన్నదే మా కోరిక. తల్లిపాల కోసం కేంద్రం 2016 ఆగస్టులో ‘మా’ కార్యక్రమం మొదలుపెట్టింది. పాలివ్వడంలో సాయం చేయడానికి నర్సులకు, ఆశాలకు శిక్షణ ఇవ్వడం అందులో ఉంది. మీ ఆసుపత్రిలో ఆ శిక్షణ పొందిన నర్సు ఎవరని అడిగే హక్కు మీకుంది. సిజేరియనైన తల్లి పక్కకు తిరగలేని మొదటి రాత్రి ఆ నర్సు అవసరం మరీ ఎక్కువ.

డబ్బాపాలకూ పాలసీసాలకూ ప్రకటనలివ్వకుండా 1992 చట్టం అడ్డుపడుతోంది. 2003లో దాన్ని ఇంకా బిగించారు. సీసా పీక కూడా ఆ చట్టం కిందికే వస్తుంది. ఈ తొడుగు మాట మాత్రం అందులో విడిగా లేదు. నిషేధించమని మేం అనడం లేదు. డబ్బాలో తెలుగు కాగితమైనా పెట్టమని, నర్సు చూశాకే అమ్మమని అడుగుతున్నాం.

ఇంకొకటి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను చూడటానికి ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. బిడ్డ బరువు తూచడం, పాలు ఎలా తాగుతోందో చూడటం ఆమె పనే. కానీ మన ఇళ్లలో కాన్పు పుట్టింట్లో, పేరు రాసి ఉండేది అత్తవారి ఊళ్లో. కుప్పం అమ్మాయిని కృష్ణగిరికో కోలారుకో ఇస్తే, మధ్యలో రాష్ట్రమే మారిపోతుంది. పుట్టింటి ఊరి ఆశాకు బిడ్డ పుట్టిన సంగతే తెలియదు. అత్తింటి ఊరి ఆశా తలుపు తట్టి, తాళం చూసి వెళ్లిపోతుంది. సరిగ్గా తోడు కావలసిన ఆ ఆరు వారాలూ బాలింత ఎవరి పుస్తకంలోనూ ఉండదు. అందుకే తొమ్మిదో నెలలో అమ్మాయిని తీసుకొచ్చిన రోజే మీ వీధి ఆశాను పిలిచి, కాన్పు ఎప్పుడో, ఎక్కడో చెప్పి, పేరు రాయించండి. తల్లీబిడ్డల కార్డు సంచిలో పెట్టుకోవడం మరవకండి.