వేపచెట్టు కనబడింది, పేరు కనబడలేదు

పోయిన వార్షికోత్సవానికి మన పూర్వ విద్యార్థుల పేర్లతో మేమే ఒక వెబ్ పేజీ చేశాం. అక్షరాల వెనకాల హాస్టల్ ఫోటో పరిచాం. కంప్యూటర్ ల్యాబ్‌లో చూసుకుని తెగ మురిసిపోయాం. ఊళ్ళో ఉంటున్న సీనియర్ అన్న ఒకరు ఫోన్లో తెరిచి, "తమ్ముడూ, మన వేపచెట్టు కనబడుతోంది గానీ నా పేరు ఎక్కడరా?" అన్నారు.

తప్పు మాదే. 4000 పిక్సెళ్ళ వెడల్పున్న ఫోటోను తీసింది తీసినట్టే పెట్టేశాం. అన్న డేటా అంతా దానికే పోయి ఉంటుంది! పైగా ల్యాబ్ మానిటర్‌ని చూసుకుని పేజీ వెడల్పును 1024కి బిగించేశాం. చాలా ఫోన్లలో పేజీకి దొరికేది 360 నుంచి 430 పిక్సెళ్ళే. తెరను బట్టి పేజీయే సర్దుకోవాలని ఈథన్ మార్కోట్ అనే డిజైనర్ 2010లోనే రాశాడు. 'కవర్' అని రాస్తే ఫోటో తెరంతా నిండుతుందని సంబరపడ్డాం. నిండింది, కానీ అంచులు తెగాయి. తెగిన అంచులో ఉన్నది హాస్టల్ బోర్డు.

ఫోటో లేకపోతే పేజీ బోసిగా ఉంటుందని మాలోనే కొందరి వాదన. ఫోటో వద్దని మేమూ అనడం లేదు. 1200 పిక్సెళ్ళకు తగ్గించి పైన పట్టీలా పెడదాం. అక్షరాల వెనక మాత్రం ఒట్టి తెలుపే ఉండాలి. మామూలు సైజు అక్షరానికీ వెనకటి రంగుకీ కాంతి భేదం కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. ఒకచోట ఆకాశం, ఇంకోచోట చెట్టునీడ ఉన్న ఫోటో మీద ఆ లెక్క ఎలా నిలుస్తుంది?

ఇప్పుడు వెడల్పును శాతాల్లో ఇచ్చి పేజీ మళ్ళీ రాస్తున్నాం. ఈసారి ముందు ఫోన్లో, తర్వాతే ల్యాబ్‌లో చూస్తాం. అన్న పేరు మూడో వరుసలో ఉంది.