నాబోతు పొలము, మన తెల్లకాగితము



ప్రార్థన మందిరమునకు ప్రహరీ కట్టాలని మొన్న కొలతలు వేయించాము. హద్దు ఎక్కడని అడిగితే, స్థలమిచ్చిన కోయ కుటుంబములోని తాత మూలనున్న ఇప్పచెట్టును చూపించారు. మన దగ్గరున్న ఆధారమల్లా ఆయన అన్నగారు వేలిముద్ర వేసిన ఒక తెల్లకాగితము. దాన్ని చేతిలో పట్టుకున్నప్పటి నుండి మాకు నెమ్మది లేదు.

ఈ నేల ఎన్ని చేతులు మారిందో చూడండి. భద్రాచలము, పాల్వంచ ప్రాంతము ఒకప్పుడు నిజాము కింద అశ్వారావు వంశపు సంస్థానము. 1860లో గోదావరి ఎడమగట్టునున్న భద్రాచలము, రేకపల్లి తాలూకాలను నిజాము ఇంగ్లీషువారికి ఇచ్చివేశాడు. ఏటికి ఆవల ఒక దొరతనము, ఈవల ఇంకొకటి. కొన్నేళ్లు సెంట్రల్ ప్రావిన్సులలో ఉంచి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలో కలిపారు. 1948లో మద్రాసు ప్రభుత్వము జమీందారీల రద్దు చట్టము చేసింది, మరుసటేడు నిజాము వైపు జాగీర్లు పోయాయి. 1959లో తూర్పు గోదావరి నుండి ఖమ్మం జిల్లాకు వచ్చాము. 2014లో భద్రాచలము తెలంగాణలో ఉండిపోయింది, పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్రకు వెళ్లింది. నిద్రలేచేసరికి రాష్ట్రము మారిన విశ్వాసులు మనలోనే ఉన్నారు.

ఇన్ని దస్తావేజులలో, అడవి కొట్టి జొన్న చల్లినవాని పేరు మాత్రము వెతికితేనే గాని దొరకదు. అటవీశాఖ వచ్చాక అతనే ఆక్రమణదారుడు అయ్యాడు. 2006 అటవీ హక్కుల చట్టము వచ్చినప్పుడు కూడా, 2005 డిసెంబరు 13కు ముందు నుండి సాగులో ఉన్నానని సాక్ష్యము తెచ్చుకోవలసినవాడు అతనే.

1/70 చట్టము ఒక్కటే ఈ వరుసను తిప్పింది. ఏజెన్సీలో గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి గిరిజనుని నుండి వచ్చిందనే అది మొదట అనుకుంటుంది. కాదని చూపవలసింది పట్టుకున్నవాడు. మనలో కొందరికి ఆ చట్టము మీద కోపమున్నదని మాకు తెలుసు.

"డబ్బు ఇచ్చాము గదా పాస్టరుగారూ" అని పెద్దలు అంటున్నారు. అహాబు కూడా ఇస్తానన్నాడు. అంతకంటె మంచి తోటయైనా, వెలయైనా తీసుకొమ్మన్నాడు. నాబోతుకు అది పితరుల స్వాస్థ్యము, బేరము కాదు. తరువాత యెజెబెలు చేసిన పని మనము తొందరగా చదివి దాటిపోతాము. ఆమె మొదట కత్తి తీయలేదు, రాజు పేరట తాకీదులు వ్రాసి ముద్ర వేసింది. పొలము పోయింది ముందు కాగితము మీదనే.

అందుచేత మా మాట ఇది. ప్రహరీ ఆపుదాము. స్థలము ఆ కుటుంబము పేరనే ఉండనిద్దాము. వారు ఉండమంటే వారి అతిథులముగా ఆరాధించుకుందాము. ఎవరైనా గిరిజన విశ్వాసి పేరట వ్రాయిద్దామన్న సలహా మాకు సమ్మతము కాదు, అది బినామీయే. మన ఇండ్లలో ఇద్దరు ముగ్గురు అటువంటి చేలు దున్నుకుంటున్నారు. పేర్లు వ్రాయము. వారికి తెలుసు, కానుకల సంచిలో ఆ పంట డబ్బు వేసుకుంటున్న మాకూ తెలుసు.

వచ్చే ఆదివారము ఆరాధన తరువాత తాత, ఆయన కొడుకులు వస్తున్నారు. కాగితము మా బీరువాలో ఉంది, తెస్తాము. పెద్దలందరు కూర్చోవాలి.