కుందేలు కాళ్ళకింద

కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు కుందేలు అరికాళ్ళకు మెత్తలుండవు, వెంట్రుకలే. అందుకే ఇనుపజాలీ అడుగున్న పంజరంలో నిలిచీ నిలిచీ దాని మడమలు పుండ్లుపడతాయి. కడగడం సులువన్న మన సౌకర్యం కోసం ఆ బాధ దానికి పెట్టడం నాకు సమ్మతం కాదు.

మా తుగ్గలి వైపు ఇళ్ళకు బేతంచెర్ల బండల నేల కొత్త కాదు. వేడికి తాళలేని ఈ ప్రాణికి వేసవిలో ఆ చల్లదనం మేలే. కానీ నున్నటి బండపై కాళ్ళు జారతాయి. కనుక సగం బండను వదిలి, తక్కిన సగాన ఎండు వరిగడ్డి మందంగా పరచాలి. గోనెపట్ట వద్దు, పీచు కొరికి మింగుతుంది. బుడ్డల పొట్టుకు (వేరుశనగకు మావైపు అదే పేరు) ఇక్కడ కొదవ లేదు గానీ, చెమ్మ తగిలి బూజుపట్టిందంటే విషమే. తడిసిన గడ్డిని ఏరోజుకారోజు తీసివేయాలి. పొడిగడ్డిని కొంత తింటుంది, తిననివ్వండి.