పొయ్యి కోసం తవ్విన సరస్సులు

ఇంగ్లండు వెళ్ళివచ్చిన మనవాళ్ళని అడిగి చూడండి. లండను టవరు, రాజుగారి మేడ, మైనపు బొమ్మలు చూశామంటారు. మరి పల్లెటూళ్ళో అంటే, “రైల్లోంచి కనిపించాయండీ” అంటారు. పోయిన జూన్‌లో మూడు వారాలు మా తమ్ముడింట్లో వున్నాను గనుక నాకా లోటు తీరింది. వాడు కాపురముండేది నార్ఫోక్ జిల్లాలో, నార్విచ్ అని రాసి నారిచ్ అని పలికే వూళ్ళో.

ఇంగ్లండుకి తూర్పున, సముద్రం వొడ్డున వున్న జిల్లా అది. కొండ అన్నమాట లేదు. మన కోనసీమలాగే పల్లపు నేల, నీళ్ళు, పడవలు. కొబ్బరిచెట్లే తక్కువ. అక్కడి అసలు వింత ‘బ్రాడ్స్’. రెల్లుపొదల నడుమ పరచుకున్న చెరువులు ఇవి, చాలావరకు నదులతో కలిసి వుంటాయి. దేవుడు చేసిన సరస్సులేనని చాలాకాలం అందరూ నమ్మారు. 1950లలో జాయిస్ లాంబర్ట్ అనే వృక్షశాస్త్రజ్ఞురాలు వరసగా బోర్లు దించి అడుగుమట్టి పరీక్షిస్తే, గట్లు ఏటవాలుగా లేవు. గోడల్లా నిట్టనిలువుగా వున్నాయి. అంటే ఎవరో పలుగు, పార పట్టి తవ్విన గోతులన్నమాట! బురదలో మొక్కలు కుళ్ళి పేరుకున్న నల్లమట్టిని పీట్ అంటారు. ఎండబెడితే మన పిడకలాగే మండుతుంది. 12వ శతాబ్దం నుంచి 14వ శతాబ్దం దాకా జనం దాన్ని తవ్వి పొయ్యిలో పెట్టుకున్నారు. తరువాత సముద్రమట్టం పెరిగి గోతులు నిండిపోయాయి. ఇప్పుడు ఆ గోతుల్లో షికారుకి మనం డబ్బిచ్చి పడవెక్కుతున్నాం.

అన్నిటిలోకీ పెద్దది హిక్లింగ్. మనిషికంటె ఎత్తు పెరిగిన రెల్లు మధ్య సన్నని బాట. ఖాళీ కూజా మూతిలో వూదినట్టు ‘బూమ్’ మని రెండుసార్లు వినిపించింది. అది బిటర్న్ అనే కొంగజాతి పక్షి. కూత వినడమే, మనిషికి కనిపించడం దానికి ఇష్టం వుండదు. ఎమ్మా టర్నర్ అనే ఆవిడ ఈ చెరువులోనే పడవ ఇంట్లో వుంటూ పక్షుల ఫొటోలు తీసేది. ఇంగ్లండులో గూడు కట్టడమే మానేసిందనుకున్న బిటర్న్ తిరిగి వచ్చిందని, 1911లో దాని పిల్లను ఫొటో తీసి లోకానికి రుజువు చేసింది. ఆ రోజుల్లో, ఆ బురదలో, ఆడమనిషి!

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది స్వాలోటెయిల్ అనే సీతాకోకచిలుక సంగతి. లేతపసుపు రెక్కలు, నల్లని గీతలు, వెనక చిన్న తోకలు. మన పెరట్లో కరివేపాకు, నిమ్మ ఆకులు తిని మనచేత తిట్లు తినే పురుగులకి ఇది దగ్గిర చుట్టం. కాని బ్రిటన్‌లో పుట్టి పెరిగే రకం ఈ బ్రాడ్స్‌లో తప్ప మరెక్కడా లేదు. అది గుడ్లు పెట్టేది మిల్క్ పార్స్‌లీ అనే ఒక్క మొక్కమీదనే. రెల్లూ తుంగా కోయకుండా వొదిలేస్తే పొదలు, చెట్లు కమ్ముకుని ఆ మొక్క చచ్చిపోతుంది. ఇళ్ళు కప్పుకోవడానికి తరతరాలుగా జనం చేసిన కోతలే ఆ పురుగుని బ్రతికించాయి. ఇప్పుడు దానికోసమనే కోస్తున్నారు కూడా.

హార్సీ దగ్గిర పొలాల్లో నీళ్ళు తోడిపోయడానికి 1912లో కట్టిన గాలిమర వుంది. అక్కణ్ణించి కాస్త నడిస్తే సముద్రం. పోటువేళ నీళ్ళు చేలకంటె ఎత్తున వుంటాయి. 1938 ఫిబ్రవరిలో గట్టు తెగి ఉప్పునీళ్ళు పొలాలమీద పడ్డాయి. 1953 జనవరి 31 రాత్రి వచ్చిన పోటులో పక్కనే వున్న సీ పాలింగ్‌లో ఏడుగురు, ఇంగ్లండు మొత్తంమీద 307 మంది పోయారు. 1977 దివిసీమ ఉప్పెన ఎరిగినవాళ్ళకి ఆ రాత్రి ఎలాంటిదో నేను చెప్పక్కర్లేదు. తరువాత కాంక్రీటు గోడ కట్టారు. అయితే, గోడని కలకాలం కాపాడడం కష్టం, కొన్నాళ్ళకి సముద్రాన్ని రానిస్తేనో అన్న ఆలోచన 2008లో బయటపడింది. హిక్లింగ్, హార్సీ మొదలైన ఆరు ఊళ్ళ జనం గొల్లుమన్నారు.

“గోడకి పోసే డబ్బు మాటేమిటి వదినగారూ?” అంది మా మరదలు. నిజమే, డబ్బు చిన్నమాట కాదు. కాని ఊళ్ళవాళ్ళు వేరేచోట ఇళ్ళు కట్టుకోవచ్చు. ఉప్పునీళ్ళలో మిల్క్ పార్స్‌లీ మొలవదు, పురుగు మరో ఆకు ముట్టదు. నేను మాత్రం గోడ పక్షమే.

వెళ్ళదలచినవాళ్ళు మే ఆఖరు నుంచి జూలై మొదటివారం లోపల, ఎండ వుండి గాలి లేని ఉదయం చూసుకోండి. దారిలో రాన్‌వర్త్ చర్చి బురుజు ఎక్కితే చెరువులన్నీ విస్తరిలో వడ్డించినట్టు కనిపిస్తాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కిందనే వుండి, 15వ శతాబ్దపు చెక్క తెరమీది బొమ్మలు చూడవచ్చు. పులిహోర పొట్లాలు మరచిపోకండి సుమా. చెరువు గట్టున అన్నిచోట్లా హోటళ్ళుండవు.