ఉత్తరాల్లో నడిచిన హైపో

స్టూడియోల్లో డార్క్‌రూములు ఉన్న రోజుల్లో పనిచేసినవారికి హైపో గురించి వేరే చెప్పనక్కరలేదు. డెవలపర్‌లోంచి తీసిన కాగితాన్ని అందులో ముంచితేనే బొమ్మ నిలుస్తుంది. లేకుంటే వెలుతురు తగిలినకొద్దీ అంతా నల్లబడిపోతుంది. ఫొటోగ్రఫీకి ఆ మందును ఇచ్చినవాడు ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడు. ఇచ్చిన తీరు ఇంకా గొప్పది.

జాన్ హెర్షెల్ ఆఫ్రికా దక్షిణపు కొసన నాలుగేళ్లు ఆకాశాన్ని పరిశీలించి 1838లో ఇంగ్లండు తిరిగొచ్చాడు. మరుసటేడు జనవరి 7న, డాగెర్ అనే ఆయన వెలుగుతోనే బొమ్మలు నిలబెడుతున్నాడని పారిస్‌లో అరాగో ప్రకటించాడు. అరాగో కూడా ఖగోళ శాస్త్రజ్ఞుడే. పద్ధతి మాత్రం బయటపెట్టలేదు. ఆ కబురు 22న ఒక మిత్రుడి ఉత్తరంలో హెర్షెల్ ఇంటికి చేరింది. ఆ నెల దాటకముందే ఆయన కాగితం మీద సొంతంగా బొమ్మ దించాడు. నిలబెట్టే ఉపాయం కోసం వెతుక్కోవలసిన పని కూడా లేకపోయింది. వెండి లవణాలను హైపో ఇట్టే కరిగిస్తుందని 1819లోనే కనిపెట్టి, అచ్చులో పెట్టి ఉన్నాడు. వెలుగు సోకని లవణం కరిగి నీళ్లతో పోయాక ఇక నల్లబడటానికి కాగితం మీద ఏముంటుంది?

అదే సమయంలో ఇంగ్లండులోనే ఉన్న విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ గుండె ఎంత బరువెక్కి ఉంటుందో ఊహించుకోవచ్చు. 1834 నుంచీ అదే పని మీద ఉన్నవాడు, తీరిగ్గా ప్రకటిద్దామనుకుంటుండగా డాగెర్ ముందుకొచ్చేశాడు. పైగా ఉప్పునీళ్లతో నిలబెట్టిన తన బొమ్మలు అంత గట్టివి కావు. ఫిబ్రవరి 1న స్లౌ ఊళ్లో హెర్షెల్ ఇంటికి వచ్చాడు. హెర్షెల్ ఏమీ దాచలేదు, హైపో సంగతి చెప్పేశాడు. ఆయన అనుమతితోనే టాల్బట్ ఆ రహస్యాన్ని పారిస్‌లోని శాస్త్రజ్ఞుడు బియోకు రాశాడు. అక్కడి సైన్సు అకాడమీ దాన్ని అచ్చు వేసింది. పోటీదారైన డాగెర్ కూడా చివరికి హైపోనే వాడుకున్నాడు.

ఆ తర్వాత ఇద్దరి మధ్య ఉత్తరాలు నడుస్తూనే ఉన్నాయి. టాల్బట్ తన బొమ్మల నమూనాలను జతచేసి పంపేవాడు. ఏ లవణం పనిచేసింది, ఏది చెడింది అన్నది ఒకరికొకరు రాసుకునేవారు. పూర్తికాని పనిని, చెడిన పనిని కూడా అవతలివారి చేతిలో పెట్టగలగడానికి ఎంత నమ్మకం కావాలి! ఈ చరిత్రలో మనం ముందుగా గౌరవించవలసింది దాన్నే. 1839 మార్చి 14న రాయల్ సొసైటీలో చదివిన తన పత్రాన్ని హెర్షెల్ అచ్చుకు ఇవ్వకుండా వెనక్కి తీసుకున్నాడు. టాల్బట్‌కు అడ్డు రాకూడదన్న మర్యాదే కారణమని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఆ సెప్టెంబరులో హెర్షెల్, తన తండ్రి 40 అడుగుల టెలిస్కోపుకు చెందిన, శిథిలమవుతున్న కొయ్య చట్రాన్ని గాజుపలక మీద ఫొటో తీశాడు. ఆ పలక ఈనాటికీ ఉంది.

టాల్బట్ 1841లో కాగితం మీద ఫొటో తీసే తన కేలోటైప్ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఏళ్ల శ్రమ, ఖర్చు పెట్టినవాడిని తప్పుపట్టలేం. అయినా దానివల్ల ఇంగ్లండులో కాగితపు ఫొటో కాళ్లకు సంకెళ్లు పడ్డాయన్నది నిజం. హెర్షెల్ 1842లో ఇనుప లవణాలతో సయనోటైప్ కనిపెట్టి, పేటెంట్ మాటెత్తకుండా లోకానికి వదిలేశాడు. మన ఇంజనీర్లు దశాబ్దాలపాటు వాడిన బ్లూప్రింట్ అదే. మరుసటేడే వృక్షశాస్త్రజ్ఞురాలు అన్నా అట్కిన్స్ ఆ నీలిరంగు కాగితాల మీద సముద్రపు నాచు అచ్చులు తీసి పుస్తకంగా వెలువరించడం మొదలుపెట్టింది.

చివరికి టాల్బట్ మనసు మార్చిందీ ఒక ఉత్తరమే. 1852లో రాయల్ సొసైటీ అధ్యక్షుడు లార్డ్ రాస్, చిత్రకారుడు ఈస్ట్‌లేక్ కలిసి పేటెంట్ పట్టు సడలించమని ఉత్తరం రాసి కోరారు. ఈ రాస్ ఐర్లండులో అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్ద టెలిస్కోపు కట్టించిన ఖగోళ పరిశీలకుడు. డబ్బుకు మనుషుల ఫొటోలు తీసే వ్యాపారాన్ని మాత్రం మినహాయించి, తక్కినదంతా అందరికీ వదిలేస్తున్నానని టాల్బట్ జవాబు రాశాడు.