భుజబలమా, బట్టబలమా?

ఏటా వేసవిలో గోదావరి డెల్టా కాలువలు కట్టేస్తారు. పూడిక తీతలు, గట్ల మరమ్మతులు మొదలవుతాయి. అంతవరకు పొద్దున్నే రేవులో దిగి బారలు వేసే పెద్దవాళ్లు ఆ రోజులన్నీ గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. నీరు వదిలారని తెలియగానే ఒక్క ఉదుటున దూకుతారు. రెండో రోజుకు భుజం పట్టేస్తుంది. మూడో రోజు వేడి ఆముదం రాయించుకుంటారు. డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరైన నేను ఈ తంతు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ఆ ఖాళీ రోజుల్లో ఏం చేయాలో ఎవరూ ఆలోచించడం లేదు. పోటీకి ఏం తొడుక్కోవాలో మాత్రం అందరూ ఆలోచిస్తున్నారు. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే.

ఈత పోటీలంటే పిల్లలకేనన్న రోజులు పోయాయి. ‘మాస్టర్స్’ పేరుతో పెద్దవాళ్లకు వేరే పోటీలున్నాయి. ప్రపంచ స్థాయిలో 25 ఏళ్లు నిండిన వారంతా అర్హులే. అయిదేసి ఏళ్లకు ఒక తరగతి. యాభై ఏళ్లవాడు యాభై నాలుగేళ్ల లోపు వాళ్లతోనే తలపడతాడు కానీ ఇరవై ఏళ్ల కుర్రాడితో కాదు. మొదటి ప్రపంచ మాస్టర్స్ పోటీలు 1986లో టోక్యోలో జరిగాయి. ఇప్పుడు మన తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటివి జరుగుతున్నాయి. సొరకాయ బుర్ర నడుముకు కట్టుకుని కాలువలో ఈత నేర్చినవాళ్లు పట్నం కొలనులో పోటీకి దిగుతున్నారు. సంతోషించవలసిన విషయమే.

మా పక్క ఊరి రైతు ఒకరు అలా దిగారు. వయసు 47. కాలువలో ఆయన ఈదుతుంటే రేవులో బట్టలు ఉతికేవాళ్లు కూడా చేతిపని ఆపి చూసేవారు. పోటీకి పేరిచ్చాక ఎవరో చెప్పారట, ‘రేసు సూటు లేకపోతే పతకం రాదు’ అని. చీటీ పాడిన డబ్బు పెట్టి పట్నం నుంచి తెప్పించుకున్నారు. మోకాలి పైనుంచి నడుము దాకా ఒంటికి అతుక్కుపోయే నిక్కరు అది. పోటీ రోజున దాన్ని ఎక్కించుకోవడానికి ఇద్దరు మనుషులు సాయం పట్టారు. పావుగంట పట్టింది. చివర్లో బొటనవేలి గోరు తగిలి తొడ దగ్గర బర్రున చిరిగింది. పాత నిక్కరుతోనే నీళ్లలోకి దూకారు. సగం దూరం అందరికంటే ముందున్నారు. ఆ తర్వాత కుడి భుజం లేవలేదు. తాడు పట్టుకుని ఆగిపోయారు.

బయటికి వచ్చాక ఆయన నాతో అన్న మాట ఇది: ‘సూటు చిరక్కపోతే గెలిచేవాణ్ణండి మాస్టారూ!’ భుజం సంగతి ఆయనకు గుర్తే లేదు. నాకు బాధ కలిగింది ఓడినందుకు కాదు, ఓటమికి కారణం తప్పుగా లెక్కవేసుకున్నందుకు.

బట్ట వల్ల వేగం రాదని నేను అనడం లేదు. వస్తుంది. నీరు గాలికంటే దాదాపు 800 రెట్లు చిక్కన. అందులో వేగం రెట్టింపు చేయాలంటే అడ్డుకునే బలం సుమారు నాలుగు రెట్లవుతుంది. అందుకే కంపెనీలు బట్ట మీద పడ్డాయి. 2008లో స్పీడో కంపెనీ ‘ఎల్జెడ్ఆర్ రేసర్’ అనే సూటు తెచ్చింది. దాని బట్టను అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వారి గాలి సొరంగంలో పరీక్షించారు. మరుసటి ఏడాది పూర్తిగా పాలీయురేథేన్‌తో చేసిన సూట్లు వచ్చాయి. అవి దాదాపు రబ్బరు తొడుగుల్లాంటివి. ఒంటిని బిగించి, నీటిపైకి తేల్చేవి. 2009లో రోమ్ నగరంలో జరిగిన ప్రపంచ పోటీల్లో 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. ఈదింది మనిషా, బట్టా అని ప్రపంచమంతా అడిగింది. చివరకు అంతర్జాతీయ ఈత సమాఖ్య 2010 జనవరి 1 నుంచి వాటిని నిషేధించింది. నాటి నుంచి పోటీ సూటు నేసిన బట్టతోనే ఉండాలి. మగవారికి నడుము నుంచి మోకాలి దాకా, ఆడవారికి భుజాల నుంచి మోకాలి దాకా మించకూడదు. జిప్పులు ఉండకూడదు. ఒకదాని మీద ఒకటి తొడగకూడదు.

అంటే బట్ట చేసే మాయకు పెద్దలే పగ్గం వేశారు. ఇప్పుడు అమ్ముతున్న ఖరీదైన సూట్లు ఒంటిని కాస్త బిగిస్తాయి, నీరు పీల్చవు. సెకనులో నూరో వంతుకు పోటీపడే వారికి ఆ తేడా అవసరం. అలాంటి వాటిలో పైరకాలు అమెరికాలో 400, 500 డాలర్లు పలుకుతాయి. పైగా అవి కొద్ది పోటీలకే బిగువు కోల్పోతాయి. మనవాళ్ల సంగతి చూడండి. గోడను తన్ని బయలుదేరేటప్పుడు చేతులు చెవులకు ఆనవు. తల పైకెత్తి ఈదడం వల్ల కాళ్లు కిందికి జారతాయి. అక్కడ పోయే సెకన్లు ఒకటీ రెండూ కాదు. పడవకు చిల్లి ఉంటే ముందు చిల్లి పూడ్చాలి కానీ రంగు వేయించకూడదు.

మరి ఆ చిల్లి పూడేది ఎక్కడ? సగం నీటిలో, సగం నేల మీద. గట్టున కూర్చుంటే ఈత రాదని పెద్దలంటారు. నిజమే. కానీ వచ్చిన ఈతను నిలబెట్టుకోవడానికి గట్టు మీద చేయవలసిన పని చాలా ఉంది. నేల విడిచి సాము చేయవద్దన్న మాట ఈతగాడికీ వర్తిస్తుంది.

ఇందుకు పెద్ద సాక్షి అమెరికాకు చెందిన కోచ్ జేమ్స్ కౌన్సిల్‌మన్. ఇండియానా విశ్వవిద్యాలయంలో మార్క్ స్పిట్జ్‌కు శిక్షణ ఇచ్చింది ఆయనే. నేల మీద కండబలం పెంచే వ్యాయామాలకు ఆయన ఎంతో ప్రాధాన్యం ఇచ్చారు. ఆ స్పిట్జ్ 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 7 బంగారు పతకాలు గెలిచాడు. ఏడింటిలోనూ ప్రపంచ రికార్డులే. ఒంటి మీద చిన్న నిక్కరు, మూతి మీద మీసం. అంతే! ఇక కౌన్సిల్‌మన్ 1979లో తన 58వ ఏట ఇంగ్లీషు చానల్ ఈదారు. అప్పటికి అంత వయసులో దాన్ని దాటినవారు లేరు.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో డారా టోరెస్ అనే అమెరికా ఈతగత్తె తన 41వ ఏట మూడు వెండి పతకాలు గెలిచింది. 50 మీటర్ల పోటీలో బంగారం ఆమెకు నూరోవంతు సెకనులో తప్పిపోయింది. ఆమె కూడా కొత్త సూటే తొడిగింది కదా అని ఎవరైనా అడగవచ్చు. తొడిగింది. కానీ ఆ రోజు పక్క వరుసల్లో ఉన్న పాతికేళ్ల పిల్లల ఒంటి మీదా అలాంటివే ఉన్నాయి. 41 ఏళ్ల ఒంటిని వాళ్ల సరసన నిలబెట్టింది సూటు కాదు. నేల మీద ఆమె చేసిన బలం వ్యాయామాలు, ఒళ్లు సాగదీసే వ్యాయామాలు.

‘మేం పొద్దస్తమానం పొలంలో పనిచేస్తాం, మాకు వేరే వ్యాయామం ఎందుకు?’ అని మన రైతులు అంటారు. న్యాయమైన ప్రశ్నే. నాట్లు, కలుపు, పారపని... ఇవన్నీ ముందుకు వంగి చేసే పనులు. ఈతలో లాగుడుకు కూడా ముందు కండరాలు గట్టిగా పనిచేస్తాయి. రెండూ కలిసి భుజాలను ముందుకు గుంజుతాయి. వెనక రెక్కల మధ్య కండ, భుజం కీలును పట్టి ఉంచే నాలుగు చిన్న కండరాలు మాత్రం బలహీనంగా ఉండిపోతాయి. కాడికి ఒక పక్కే ఎద్దును కట్టినట్టు! అందుకే కష్టజీవికి కూడా భుజం పట్టేస్తుంది. దీనికి తోడు ముప్పై దాటాక, వ్యాయామం లేకపోతే, పదేళ్లకు నూటికి 3 నుంచి 8 వంతుల కండ తరుగుతుందని వైద్యులు చెబుతారు. ఎముక గట్టిపడాలంటే దాని మీద బరువు పడాలి. నీటిలో ఒళ్లు తేలుతుంది కనుక ఒట్టి ఈత అందుకు చాలదు.

దీనికి తాలింఖానా అక్కర్లేదు. పాత సైకిలు ట్యూబు ఒకటి, గోడ ఒకటి చాలు. వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట.

మొదటిది, ట్యూబును కిటికీ ఊచకు కట్టండి. మోచేయి పక్కటెముకలకు ఆనించి, మడిచి, ట్యూబును బయటివైపు నెమ్మదిగా లాగండి. ఒక్కో చేతికి 15 సార్లు. రెండోది, అదే ట్యూబును రెండు చేతులతో పట్టుకుని, మోచేతులు వెనక్కి పోయేలా రొమ్ము వైపు లాగండి. రెక్కలు రెండూ దగ్గరకు రావాలి. ఇదీ 15 సార్లు. మూడోది, గోడకు దండీలు. అలవాటయ్యాక నేల మీద. నాలుగోది, మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు నిలిపి, బల్లలా నిటారుగా ఉండటం. నడుము జారకూడదు. 20 సెకన్లతో మొదలుపెట్టి నిమిషం దాకా పెంచవచ్చు. అయిదోది, బస్కీలు, పదితో మొదలు. పోటీలో దూకేటప్పుడు, గోడను తన్నేటప్పుడు పనికొచ్చేది తొడల బలమే. ఆరోది, గోడకు వీపు ఆనించి, చేతులు చెవుల పక్కగా పైకి చాచి నిలబడటం. నడుము గోడను వదలకుండా చేతులు ఎంతవరకు వెళతాయో చూసుకోండి. చివరిగా కాసేపు వజ్రాసనం. చీలమండలు సాగితే నీటిలో కాళ్లు చేపతోకలా ఆడతాయి.

కొన్ని జాగ్రత్తలు. ఊపిరి బిగబట్టి బలం చేయకూడదు. రక్తపోటు, గుండె జబ్బు, షుగరు ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి. కండ నొప్పి రెండు రోజుల్లో పోతుంది. కీలు లోపల పోటు పుడితే మాత్రం ఆపేయాలి. పోటీకి తయారవుతున్నామని కాలువలో ఒంటరిగా, లాకుల దగ్గర ఈదవద్దు. మోకాళ్లు బాగోలేని వారు దిమ్మె మీదినుంచి దూకనవసరం లేదు. మాస్టర్స్ నిబంధనల ప్రకారం నీటిలో నిలబడి కూడా బయలుదేరవచ్చు.

మరి తొడుక్కోవడం సంగతి? లుంగీలు, నూలు నిక్కర్లు పోటీకి పనికిరావు. నీరు తాగి బరువెక్కుతాయి. నైలాను లేదా పాలియెస్టరుతో నేసిన, ఒంటికి పట్టి ఉండే ఈత నిక్కరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఈదాక మంచినీటితో జాడించి నీడన ఆరేస్తే చాలాకాలం ఉంటుంది. ఎండలో వేస్తే త్వరగా సాగిపోతుంది.

ఆడవారి విషయంలో మరో మాట. ఏం తొడుక్కోవాలోనన్న బిడియంతోనే చాలామంది నీళ్లకు దూరంగా ఉంటున్నారు. భుజాల నుంచి మోకాళ్ల దాకా కప్పే సూటును ప్రపంచ నిబంధనలే అనుమతిస్తున్నాయి. దాన్ని చూసి నవ్వేవాడికి నిబంధన తెలియదన్న మాట. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల 2021లో పాక్ జలసంధి ఈదారు. 52 ఏళ్ల వయసులో విశాఖ నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్లు సముద్రంలో ఈది 2025 జనవరి మొదట్లో ఒడ్డు చేరారు. ఆ దూరాన్ని ఏ బట్టా ఈదించలేదు.

పోటీలు నిర్వహించే పెద్దలకు మూడు మనవులు. జిల్లా స్థాయి మాస్టర్స్ పోటీల్లో మామూలు ఈత దుస్తులే అందరికీ అన్న నియమం పెట్టండి. డబ్బున్నవాడికి ఒక నీరు, లేనివాడికి ఒక నీరు ఉండకూడదు. పోటీకి పేరిచ్చిన వారికి నెల ముందుగానే ఈ నేల వ్యాయామాలు ఒక పూట నేర్పండి. హైస్కూలు వ్యాయామ ఉపాధ్యాయులు కాదనరు. పట్నంలోని కొలనుల్లో ఆడవారికి ప్రత్యేకంగా ఒక గంట కేటాయించండి. వీటికి లక్షలు అవసరం లేదు. మనసుంటే చాలు.

మా పక్క ఊరి రైతు ఆ వేసవంతా వాళ్ల గొడ్ల సావిడి గుంజకు ట్యూబు కట్టి లాగారు. ఊళ్లోవాళ్లు నవ్వారు. కాలువకు నీరు వచ్చాక దిగారు. ఈసారి భుజం పట్టలేదు. తర్వాతి పోటీలో పతకం రాలేదు. నాలుగో స్థానం వచ్చింది. కానీ మధ్యలో తాడు పట్టుకోలేదు, గోడ తాకేదాకా ఈదారు. చిరిగిన సూటు ఏం చేశారని అడిగాను. ‘అటక మీద ఉందండి మాస్టారూ, ట్యూబు మాత్రం రోజూ కావాలండి’ అన్నారు.

రానున్న వేసవిలో కాలువ కట్టేసిన రోజున మీరూ ఒక పాత ట్యూబు వెతికి పెట్టుకోండి.