బాలింత గడప తొక్కని రోజులు



ఈ నెల కొంచెం పాత సంగతి ఒకటి జ్ఞాపకం చేసుకుందాం. 2020 మార్చి నెలాఖరులో దేశమంతటా లాక్‌డౌన్ పెట్టినప్పుడు మన నెక్కొండ స్టేషనులో ప్యాసింజరు బండ్లు ఆగిపోయాయి. బస్సులు లేవు, ఆటోలు లేవు. స్కానింగు కావాలన్నా, కష్టమైన కాన్పు అన్నా నర్సంపేటకో వరంగల్లుకో వెళ్లవలసిన పల్లెలు మనవి. నెలలు నిండిన కూతురున్న ప్రతి ఇంట్లో ఆ వేసవిలో ఒకటే దిగులు: రాత్రిపూట నొప్పులు వస్తే ఎట్లా?

మా వాడలో తొలి కాన్పుకు తల్లిగారింటికి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది. దేవుని దయవలన 102 వాహనం సమయానికి వచ్చింది. ఆడపిల్ల క్షేమంగా పుట్టింది. నెల దాటిన తర్వాత ఆమె కనబడితే, నొప్పులు ఎక్కువయ్యాయా అని అడిగాను.

"నొప్పులు అప్పుడే మర్చిపోయిన పెద్దమ్మా. మా అమ్మను లోపలికి రానియ్యలే. నన్ను పేరు పెట్టి ఒక్కలు గూడ పిలువలే. ఏం చేస్తున్నరో చెప్పలే. అంటరానిదాన్ని చూసినట్టు చూసిండ్రు" అన్నది. కొంచెంసేపు ఆగి, "ఇంటికి వచ్చినంక నువ్వు గూడ రాకపోతివి" అన్నది.

ఆమె వాడిన ఆ మాట బరువు ఎంతో మన పెద్దలకు తెలుసు. చివరి మాటకైతే నా దగ్గర జవాబే లేదు. ఎల్లిపాయ కారం నూరి గిన్నెలో పెట్టుకొని వెళ్లిన మాట నిజమే. కాని దాన్ని గడప బయట పెట్టి, పిలవకుండానే తిరిగి వచ్చాను.

రోగానికి జాగ్రత్త పడడం తప్పు కాదు. నర్సమ్మలకూ డాక్టర్లకూ ఇంట్లో పిల్లలున్నారు. ఎండాకాలంలో నిలువెల్లా కప్పిన ఆ కోట్లలో వారు పడ్డ పాట్లు చిన్నవి కావు. అయితే మాస్కు కట్టుకోవడం వేరు, మాట కరువు చేయడం వేరు. మాస్కు రోగాన్ని ఆపుతుంది. విసుక్కుంటే ఏ రోగమూ ఆగదు.

ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. కాన్పు గదిలో స్త్రీకి తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వవచ్చని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పింది. 2017లో మొదలైన 'లక్ష్య' కార్యక్రమంలో తల్లికి గౌరవంగా సేవ చేయడం కూడా ఒక భాగం. కరోనా వచ్చిన 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకా స్పష్టంగా చెప్పింది. తల్లికి కరోనా ఉన్నాసరే, తనకు ఇష్టమైన మనిషి తోడుండాలి. ఆమెతో మర్యాదగా మాట్లాడాలి. కరోనా ఉన్నదన్న ఒక్క కారణంతో ఆపరేషను చేయకూడదు. తల్లి చేతులు కడుక్కొని, మాస్కు కట్టుకొని బిడ్డకు పాలు ఇవ్వవచ్చు, బిడ్డను ఒడిలో పెట్టుకోవచ్చు.

ఈ గౌరవం దక్కనప్పుడు ప్రాణాలే పోతాయి. 2020 ఏప్రిల్‌లో గద్వాల జిల్లా నుండి బయలుదేరిన ఒక గర్భిణిని ఒక ఆసుపత్రి నుండి మరొక ఆసుపత్రికి పంపుతూ పోయారు. చివరికి తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు. రాష్ట్ర హైకోర్టు ఆ సంగతిని విచారణకు చేపట్టింది. మరుసటి నెలలోనే హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో కరోనా ఉన్న తల్లికి కాన్పు చేసి, బిడ్డను క్షేమంగా చేతికిచ్చారు. రోగం అదే, భయమూ అదే. తలుపు తెరిచిన చోట ఇద్దరూ బ్రతికారు.

నిర్గమకాండములోని మంత్రసానులు షిఫ్రా, పూయా మనకు తెలిసినవారే. భయపెట్టిన రాజును ఫరో అనే బిరుదుతోనే ఎరుగుదుము. పురుడు పోసిన ఆ ఇద్దరు స్త్రీల పేర్లు మాత్రం నేటికీ నిలిచి ఉన్నాయి.

అటువంటి రోగం మళ్లీ రాకూడదని ప్రార్థిద్దాం, కాని సిద్ధపడి కూడా ఉందాం. ఎనిమిదో నెల రాగానే తోడు ఎవరు వెళ్లాలో ఇంట్లో మాట్లాడుకోండి. కాన్పులు చూసిన అనుభవం, మంచి ఆరోగ్యం ఉన్న ఆడమనిషి అయితే మేలు. ఆమెకు ఏదైనా అడ్డం వస్తే వెళ్లడానికి మరొకరిని కూడా అనుకోండి. 102, 108 నంబర్లు గోడమీద రాసి పెట్టండి. పరీక్షల కాగితాలన్నీ ఒకే సంచిలో ఉంచండి. ఆశమ్మతో ముందుగానే మాట్లాడండి. తోడును లోపలికి రానివ్వకపోతే తగవు పెట్టుకోకుండా, కారణం ఏమిటని పెద్ద నర్సమ్మను నెమ్మదిగా అడగండి. ఏ పరీక్ష ఎందుకో అడిగి తెలుసుకోవడం తల్లి హక్కు. మగవారు కూడా ఇది చదవాలి. ఇంటికి వచ్చిన బాలింతను అత్తగారు మూలకు తోస్తే అడ్డు చెప్పవలసినవాడు భర్తే.

సంఘం చేయగలిగింది కూడా ఉన్నది. లోపలికి వెళ్లరాని రోజులైతే వాకిట్లోనే నిలబడవచ్చు. కిటికీ దగ్గర నుండి పలకరించవచ్చు. దినమూ ఒకరు ఫోను చేయవచ్చు.

ఆనాడు పుట్టిన పాప ఇప్పుడు బడికి పోతున్నది. వాళ్ల అమ్మ నాతో మంచిగానే మాట్లాడుతుంది. అయినా ఆ గడప దాటిన ప్రతిసారీ ఆ గిన్నె నా కళ్లకు కనబడుతూనే ఉంటుంది. మీరు నావలె చేయకండి. గిన్నె గడప బయట పెట్టవలసి వస్తే పెట్టండి. కాని వెంటనే వెనుదిరగకండి. దూరంగానైనా నిలబడి, ఆ బిడ్డను పేరు పెట్టి పిలవండి. ఆమె పలికేదాకా ఉండండి.